అప్పిచ్చినవాడి పేరు

మైకు ఇంకా టెస్ చేతిలోనే ఉంది. నోటి దాకా ఎత్తింది గానీ మాట బయటికి రాలేదు.

పోయిన వారం ఆమెను మనం వాండా పావ్లిక్ ఇంటి మెట్ల మీద, ఊరందరి కళ్ళెదుటా నిలబెట్టి వదిలేశాం. ఆ ఉదయం పదింటికి షెరిఫ్ ఆఫీసు నుంచి డెప్యూటీ వచ్చి వాండా చేత ఇల్లు ఖాళీ చేయించబోతున్నాడు. అతన్ని లోపలికి పోనివ్వకూడదని కెల్లర్‌పోర్ట్ ఫైర్‌స్టేషన్లో పనిచేసి రిటైరైన వాళ్ళంతా పాత యూనిఫారం కోట్లు తొడుక్కుని వచ్చి మెట్లకడ్డంగా నిలబడ్డారు. వాళ్ళందరికీ ముందు నిలబడ్డది టెస్ తండ్రి, కెప్టెన్ మైలో హ్రుస్కా. వాండా ఎవరో కాదు, మైలోతో ఒకే ఫైరింజను మీద పదేళ్ళు తిరిగిన లియో పావ్లిక్ భార్య. ఫర్నిచర్ గోడౌన్ తగలబడిన రోజు లియోను భుజాన వేసుకుని బయటికి తెచ్చింది మైలోనే. తెచ్చేసరికి లియోలో ప్రాణం లేదు.

టెస్ క్లీవ్‌లాండ్‌లో లాయరు, ఫీజు ఇచ్చుకోలేనివాళ్ళ తరఫున వాదిస్తుంది. వాండా ఇంటి మీద అప్పు అసలు ఎవరి చేతిలో ఉందో కనుక్కోవడానికి చలికాలమంతా తిరిగి తిరిగి, ఆ ఉదయమే జవాబు సంపాదించింది. ఆ పేరు మోసుకుని, కరిగీ కరగని మంచులో కారు తోలుకుంటూ వచ్చింది. కారు దిగీ దిగగానే తండ్రి ఆమె చేతిలో మైకు పెట్టి, "చెప్పమ్మా, ఈ ఇల్లు మింగుతున్న దొంగ పేరు గట్టిగా చెప్పు. ఊరంతా వినాలి!" అన్నాడు.

ఊరంతా వినడానికి సిద్ధంగానే ఉంది.

"న్యూయార్క్ వాళ్ళే అయ్యుంటారు. సూట్లేసుకున్న దొంగలు!" అని అరిచారు ఎవరో.

"చైనా వాడే! మన దేశం మొత్తం వాడి దగ్గర తాకట్టులో ఉంది."

కార్ల్ జింక్‌కి అది నచ్చలేదు. స్టేషన్లో ఫైరింజను నడిపిన మనిషి, గొంతు ఇప్పటికీ సైరన్‌లాగే ఉంటుంది. "చైనా ఏం చేస్తాడ్రా, అడిగితే ఇచ్చాడు. అడిగిందెవరు? వాషింగ్టన్. మన మనవలు పుట్టకముందే వాళ్ళ నెత్తిన అప్పు. స్తోమత లేనోళ్ళకి కూడా ఇళ్ళప్పులివ్వండని బ్యాంకుల్ని తరిమింది కూడా వాళ్ళే."

"తరిమితే ఇచ్చారా?" అన్నాడు ఓటిస్ బెల్. లియో, మైలో, ఓటిస్ ముగ్గురూ ఒకే సంవత్సరం ఉద్యోగంలో చేరారు. "ఎగబడి ఇచ్చారయ్యా. అన్నానికి కూర్చుంటే ఫోను, స్నానానికి పోతే ఫోను. పిజ్జా అమ్మినట్టు అమ్మారు అప్పులు. నాకూ ఫోను చేశారు. 'మీ ఇంట్లో నిద్రపోతున్న డబ్బును లేపండి సార్' అన్నాడొకడు. నేనే నిద్ర పట్టక చస్తుంటే!"

జనం నవ్వారు. మైలో చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. అతని చేతిలో సొంతంగా రాసుకున్న అట్ట ఉంది. 'వాల్ స్ట్రీట్‌కి వేల కోట్లా? వాండాకి వీధా?' అని. పోయిన నెలే ఆ అట్ట పట్టుకుని టీవీలో కూడా కనబడ్డాడు.

"ఆగండ్రా. నా కూతురు చెబుతుంది."

టెస్ మైకు దించేసింది. "నాన్నా, లోపలికి రా. నీతో మాట్లాడాలి."

"లోపలెందుకు? ఇక్కడే చెప్పు. మనకి దాచుకోడానికేముంది?"

"నాన్నా. ప్లీజ్."

చిన్నప్పుడు మోకాలు చీరుకుపోయినప్పుడు కూడా ఏడవని పిల్ల. ఆ గొంతు విని మైలో మొహంలో ఉత్సాహం సగం దిగిపోయింది. అట్టను ఓటిస్‌కిచ్చి ఆమె వెనకాలే లోపలికి నడిచాడు.

*

వంటింటి నిండా అట్టపెట్టెలు. గోడ మీద ఫొటోలు తీసేసిన చోట తెల్లటి చదరాలు మిగిలాయి. స్టౌ మీద మాత్రం పెనం వేడిగా ఉంది, పక్కనే పళ్ళెం నిండా బంగాళాదుంప అట్లు. వాకిట్లో తన కోసం చలిలో నిలబడ్డవాళ్ళను ఆకలితో పంపడం వాండాకి చేతకాదు, అది ఆ ఇంట్లో ఆఖరి ఉదయమైనా సరే. ఆవిడ అప్పుడు వంటింట్లో లేదు. ఇంకో బంగాళాదుంపల సంచీ తేవడానికి కింద సెల్లార్‌లోకి వెళ్ళింది.

మైలో ఒక అట్టు తుంచి నోట్లో వేసుకున్నాడు. "చెప్పు. పేరు చెప్పడానికి భయపడేంత పెద్దవాడా?"

"నువ్వు కూర్చో."

"నేను కూర్చోను. పదింటికి వాళ్ళొస్తారు."

టెస్ తలుపు ఆనుకుని నిలబడింది. "ఆంటీకి అప్పిచ్చిన కంపెనీ గుర్తుందిగా, బౌలింగ్ హాలు పక్కన అద్దాల తలుపుల కొట్టు పెట్టారు? వాళ్ళు ఆ అప్పును నెల తిరక్కుండా న్యూయార్క్‌కి అమ్మేశారు. అక్కడ అలాంటి అప్పుల్ని వేలకు వేలు కలిపి ఒక ముద్ద చేశారు. ఆ ముద్దను ముక్కలు కోశారు. ఒక్కో ముక్కకీ మంచి సరుకని ముద్ర కొట్టించి ప్రపంచమంతా అమ్మారు. చెడ్డ అప్పులన్నీ ఒక్కచోట చేరిస్తే మంచివైపోతాయా అని ఎవరూ అడగలేదు."

"ఇవన్నీ నేను పేపర్లో చదివానమ్మా. అందుకే కదా లోకమంతా మునిగింది. ఆ బ్యాంకు పేరు చెప్పు."

"బ్యాంకు ఉత్త గుమాస్తా నాన్నా. కోర్టు నోటీసు మీద వాళ్ళ పేరుంటుంది, అంతే. వసూలు చేసి, ఆ ముక్కలు కొన్నవాళ్ళకి పంపిస్తారు. కొన్నవాళ్ళే అసలు సొంతదారులు."

"అయితే కొన్నదెవరు?"

"మీరే."

మైలో నమలడం ఆపాడు. తర్వాత నవ్వాడు. నిజంగానే నవ్వాడు, భుజాలు కదిలేలా.

"నేనా? నాకు పడవ కొనుక్కునే డబ్బే లేదు, పిచ్చిదానా."

"నువ్వొక్కడివే కాదు. కెల్లర్‌పోర్ట్ ఫైర్‌మన్ల పెన్షన్ ఫండ్. వాండా ఆంటీ అప్పు ఏ ముక్కలో ఉందో, ఆ ముక్కలో సగానికి పైగా మీ ఫండే కొంది. మూడేళ్ళ కిందట. అప్పటికే నువ్వే అధ్యక్షుడివి."

బయట ఎవరో పాట ఎత్తుకున్నారు, మిగతావాళ్ళు అందుకున్నారు. మైలో కిటికీ వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. నవ్వు ఇంకా పెదాల మీదే ఉంది గానీ దానికీ ఆ మనిషికీ సంబంధం తెగిపోయింది.

"అబద్ధం."

"నేను కూడా అదే అన్నాను. మళ్ళీ కనుక్కోమన్నాను. మళ్ళీ అదే చెప్పారు."

"మేం కొన్నవి ఫస్ట్ క్లాస్ బాండ్లు! ప్రభుత్వ బాండ్లంత గట్టివి అన్నాడు ఆ కన్సల్టెంటు. సిటీ హాలు వాళ్ళు ఫండ్‌కి తాము కట్టాల్సిన వాటా ఎగ్గొట్టి, ఆ డబ్బు పోసి చెరువు గట్టున సభలు జరగని సభామందిరం కట్టుకున్నారు. ఫండ్‌కి చిల్లు పడింది. చిల్లు పూడాలంటే మామూలు వడ్డీ సరిపోదు, ఎక్కువ వచ్చేవి కొనాలి. నేనేం చెయ్యను? ముసలాళ్ళ చెక్కులు ఆపనా?"

"నేను నిన్ను తిట్టట్లేదు నాన్నా."

"తిడితేనే బాగుండేది!"

టెస్ కుర్చీ లాగింది. ఈసారి ఆయన కూర్చున్నాడు. అసలు విషయం ఇంకా మిగిలే ఉంది. దారి పొడుగునా దాన్ని ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ వచ్చింది, ఒక్క దారీ తోచలేదు.

"పోయిన అక్టోబరులో మీ బోర్డు మీటింగ్ గుర్తుందా? న్యూయార్క్ నుంచి ఫోన్లో ఒకాయన మాట్లాడాడు. ఆ ముద్దలో అప్పులు కట్టలేకపోతున్న వాళ్ళకి వడ్డీ తగ్గించి, వాయిదాలు సడలిస్తే ఇళ్ళు నిలబడతాయి, దానికి ముక్కలు కొన్నవాళ్ళు ఒప్పుకోవాలి, మీరు ఒప్పుకుంటారా అని అడిగాడు."

మైలో రెండు చేతులూ బల్ల మీద పెట్టుకున్నాడు.

గుర్తుంది. ఎందుకు గుర్తుండదు? ఆ మీటింగ్ మధ్యాహ్నం పెట్టుకున్నారు, సాయంత్రం బేస్‌బాల్ ఆట ఉందని. ఫోను బల్ల మధ్యలో పెట్టి ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు, తను, ఓటిస్, కార్ల్ జింక్. ఫోన్లో మనిషి గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది. బ్యాంకులకు సర్కారు డబ్బు ధారపోసిందని దేశమంతా మండిపోతున్న రోజులు. మైలో ఒళ్ళు కూడా అలాగే మండుతోంది. అప్పు చేసినవాడు కట్టకుండా పోతే, కట్టేవాడు వెర్రివాడా అనిపించింది. పెద్ద టీవీలు కొనుక్కుని, వంటింటికి పాలరాయి వేయించుకుని, ఇప్పుడు మాఫీ చెయ్యమంటే ఎలా అన్నాడు. కార్ల్ పడీ పడీ నవ్వాడు.

ఓటిస్ మాత్రం ఒక మాట అడిగాడు. ఆ మాట ఇప్పుడు మైలో చెవిలో గట్టిగా మోగింది.

"ఇందులో మన ఊరివాళ్ళెవరైనా ఉన్నారా?"

తనేమన్నాడు? 'నువ్వు కూర్చోరా ఓటిస్, మనూళ్ళో అప్పులెగ్గొట్టేవాళ్ళెవరూ లేరు' అన్నాడు. చేతులెత్తమన్నాడు. ముందు ఎత్తింది తనే.

"మీరు కుదరదన్నారు నాన్నా. పెద్ద టీవీలు కొనుక్కున్నవాళ్ళకి మాఫీ ఏంటని నువ్వన్నావట, ఆ ఫోనాయనే చెప్పాడు," అంది టెస్. "మీరు కుదరదన్నారు కాబట్టే ఆంటీ పెట్టుకున్న అర్జీలన్నీ తిరిగొచ్చాయి. నేనూ అర్జీ మీద అర్జీ పెడుతూనే ఉన్నాను. 'సొంతదారు అంగీకరించలేదు' అని ఒకటే జవాబు. ఆ సొంతదారుణ్ణి పట్టుకుని నాలుగు కడిగెయ్యాలని నేను..."

ఆమె ఆగిపోయింది. మైలో చూపు ఆమె మీద లేదు. ఆమె వెనకాల, సెల్లార్ తలుపు దగ్గర ఉంది.

వాండా బంగాళాదుంపల సంచీ గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో ఆవిడ మొహమే చెబుతోంది.

వాండా సంచీని బల్ల మీద పెట్టింది, ఎంతో జాగ్రత్తగా, అందులో గుడ్లున్నట్టు. స్టౌ ఆపేసింది. తర్వాత మైలో ఎదురుగా వచ్చి నిలబడింది.

"పెద్ద టీవీ అన్నావా?" అంది.

"వాండా, నాకు తెలియదు. లియో మీద ఒట్టు, నాకు తెలియదు."

"నీకు తెలియదని నాకు తెలుసు. తెలిసి చేస్తే నిన్ను పెనంతో కొట్టి, కడుపు నిండా ఏడ్చి ఊరుకునేదాన్ని. తెలియకుండా చేసినవాణ్ణి ఏం చెయ్యాలి?" ఆవిడ గొంతు పెరగలేదు. పెరిగితే మైలోకి కాస్త ఊపిరాడేది. "చేయి ఎత్తేటప్పుడు ఒక్క మనిషినైనా తల్చుకోలేదా? నా మొహం కాకపోతే ఇంకెవరిదో ఒక మొహం. ఇంకెవరో ఒక వాండా ఉంటుందని అనిపించలేదా?"

మైలో తల వంచుకున్నాడు. మంటల్లోకి దూకిన మనిషి, నలభై ఏళ్ళుగా ఎవరి ముందూ తల వంచనివాడు. అప్పుడు, దిక్కుతోచక, అడగకూడని ప్రశ్న అడిగాడు.

"అసలు నువ్వెందుకు చేశావు వాండా ఆ అప్పు? లియో ఇంటి అప్పు పూర్తిగా కట్టేసి పోయాడు. నీకు ఖర్చులు కూడా లేవు. ఒక్క మాట నాతో అని ఉంటే..."

వాండా మొహంలో ఏదో మూసుకుపోయింది. "అది నా విషయం," అని అటు తిరిగి, పెనం మీద మాడిపోయిన అట్టును తీసి సింకులో పడేసింది.

*

బయటికొచ్చిన మైలోను చూసి పాట ఆగిపోయింది. లోపలికి వెళ్ళిన మనిషి వేరు, వచ్చిన మనిషి వేరు. టెస్ మైకు ఇవ్వబోతే వద్దన్నాడు. అతనికి మైకు అవసరం లేదు, మంటల మధ్య అరిచి అలవాటైన గొంతు.

"పేరు చెబుతాను, వినండి," అన్నాడు. "ఈ ఇల్లు తీసుకుంటోంది వాషింగ్టన్ కాదు. చైనా కాదు. న్యూయార్క్ కూడా కాదు. మనం. మన పెన్షన్ ఫండ్. వాండా అప్పు కొన్నది మనం. తగ్గించమని అడిగితే కుదరదన్నది మనం. ఆ మాట అన్నవాణ్ణి నేను."

ఎవరో నవ్వారు, వేళాకోళమనుకుని. పక్కవాడు మోచేత్తో పొడిస్తే ఆగారు. మైలో కూతురి దగ్గర విన్నదంతా, తనకు అర్థమైనట్టు, మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. అట్టలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. దొంగ ఎక్కడో దూరంగా, గాజు మేడలో ఉన్నాడనుకుని అరుస్తూ వచ్చారు. ఇప్పుడు ఎటు తిరిగి అరవాలో తెలియక, చలికి ఎర్రబడిన మొహాలతో అలాగే నిలబడిపోయారు.

ముందుగా నోరు విప్పింది ఓటిస్.

"నేను అడిగాను మైలో. మనూరివాళ్ళున్నారా అని."

"అడిగావు."

"కూర్చోమన్నావు. కూర్చున్నాను." ఓటిస్ చేతిలో అట్టను గోడకి ఆనించాడు. "నిన్నెందుకు అనాలి? నా చెయ్యి కూడా లేచింది ఆ రోజు. ఆటకి లేటవుతోందని."

అదే సమయానికి షెరిఫ్ ఆఫీసు కారు వచ్చి ఆగింది. డెప్యూటీ కాల్విన్ గేన్స్ టోపీ సర్దుకుంటూ దిగాడు. చిన్నప్పుడు ఫైర్‌స్టేషన్ చూడ్డానికి బడి పిల్లలతో వచ్చి మైలో హెల్మెట్ పెట్టుకుని ఫొటో దిగినవాడే. ఆ ఫొటో ఇప్పటికీ వాళ్ళమ్మ ఫ్రిజ్ మీద ఉంటుంది.

"కెప్టెన్, నన్ను ఇబ్బంది పెట్టకండి," అన్నాడు దూరం నుంచే. "నాకు ఇష్టమై వచ్చానా? కోర్టు ఆర్డరు."

మైలో మెట్లు దిగి అతని ఎదుటికి వెళ్ళాడు. "కాల్విన్, ఆ అప్పు నాది. ఇచ్చినవాణ్ణి నేనే. నేనే ఆపమంటున్నాను."

డెప్యూటీ అయోమయంగా టెస్ వైపు చూశాడు. "ఏమంటారండీ ఈయన? చలి ఎక్కువై..."

"నిజమే అంటున్నాడు," అంది టెస్. "మీరు కాసేపాగితే చాలు. బ్యాంకు తరఫున వసూళ్ళు చేసే కంపెనీతో పొద్దున మాట్లాడాను. ఫండ్ బోర్డు తీర్మానం చేసి అధ్యక్షుడు ఫోన్లో చెబితే, ఖాళీ చేయించడం ఆపుతామన్నారు. వాళ్ళే మీ ఆఫీసుకి చెబుతారు."

"బోర్డు ఎప్పుడు కలుస్తుంది?"

"బోర్డంతా ఇక్కడే ఉంది. ముగ్గురూ."

"మీటింగ్ బహిరంగంగా, తలుపులు తెరిచి జరగాలని రూలు," అన్నాడు ఓటిస్. "ఇక్కడ తలుపులేంటి, గోడలు కూడా లేవు. కానివ్వండి."

ఎవరూ నవ్వలేదు. టెస్ గొంతు సవరించుకుంది. దాచిపెట్టి ఓటు వేయించుకుంటే, తనకూ ఆ బౌలింగ్ హాలు పక్కన కొట్టువాళ్ళకీ తేడా ఏముంటుంది?

"ఒక్క మాట. ఇది వాండా ఆంటీ ఒక్కరికే చెయ్యడం కుదరదు. ఆ ముద్దలో ఉన్న ఇళ్ళన్నిటికీ ఒకటే రూలు. ఒప్పుకుంటే అందరికీ తగ్గించాలి. అప్పుడు ఫండ్‌కి రావలసింది బాగా తగ్గిపోతుంది. మీ నెల చెక్కులు తగ్గుతాయి. మందులకిచ్చే బీమా ఆగిపోవచ్చు. ఆగదని నేను మాటివ్వలేను."

ఇందాక ఒక్క మనిషిలా ఉన్న గుంపు ఇప్పుడు గుంపులా లేదు. ఎవరికి వాళ్ళు విడివిడిగా నిలబడ్డట్టున్నారు. ఒకాయన మిగతావాళ్ళని ఆగమని చెప్పి, భార్యకి ఫోను చేస్తూ పక్కకి వెళ్ళాడు. ఇంకొకాయన, "అంటే, ఎక్కడో ఫ్లోరిడాలో ఎవడో ఎగ్గొట్టిన దానికి కూడా నా చెక్కు కొయ్యాలా?" అన్నాడు. "వాండాకైతే సరే. నేనే జేబులోంచి తీసిస్తాను. కానీ ఊరూ పేరూ తెలియనోళ్ళకి..."

"అక్టోబరులో నేనూ అదే అన్నాను," అన్నాడు మైలో. "వాళ్ళ ఊళ్ళో కూడా ఎవడో వాండా గురించి ఇదే అంటుంటాడు." ఆయన కుడి చెయ్యి పైకెత్తాడు. "ఒప్పుకుందామని నా ఓటు. కార్ల్?"

కార్ల్ జింక్ రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని ఉన్నాడు. మొహం తెల్లగా పాలిపోయింది.

"వద్దు," అన్నాడు.

"కార్ల్!"

"వద్దన్నాను కదా! సర్కారు బ్యాంకులకి పంచింది, కార్ల కంపెనీలకి పంచింది. ఇప్పుడు మనం కూడా పంచడం మొదలుపెడదామా? ఎక్కడో ఒకచోట ఆగాలి కదా!" సైరన్ లాంటి ఆ గొంతు మధ్యలో చీలింది. "నా ఓటు వద్దు. అంతే. నన్ను ఇంకేం అడక్కండి."

ఇక మిగిలింది ఓటిస్. అందరూ అతని వైపు తిరిగారు, తిరిగి వెంటనే చూపు తిప్పుకున్నారు. ఓటిస్ భార్య బెర్నీస్‌కి మూత్రపిండాలు పాడైన సంగతి ఊరందరికీ తెలుసు. వారంలో మూడుసార్లు ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించుకోకపోతే ఆమె బతకదు. ఆ ఖర్చు పెట్టుకునేది ఫండ్ బీమాయే. ఆ ఉదయం కూడా ఆసుపత్రికి పోవాల్సి ఉండి, బెర్నీస్ దుప్పటి కప్పుకుని రోడ్డు పక్కన కారులోనే కూర్చుని ఉంది.

"ఓటిస్, నువ్వు చెయ్యెత్తకు," అంది వాండా. ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో కోటు వేసుకుని నిలబడి ఉంది. ఒక చేతిలో చిన్న సంచీ, ఇంకో చేతిలో తాళంచెవి. "ఒక ఇంటి కోసం మనిషి ప్రాణం పణంగా పెడతామా? మా అక్క అక్రన్‌లో ఉంది. నాకు గది ఇస్తానంది. కాల్విన్, ఇదిగో తాళం. రా, తీసుకో."

కాల్విన్ కదల్లేదు. తీసుకోవలసిందే, అందుకే వచ్చాడు. అయినా కాళ్ళు ముందుకు పడలేదు.

ఓటిస్ ఎవరితోనూ ఏమీ అనకుండా మెట్లు దిగి కారు దగ్గరికి నడిచాడు. అద్దం దిగింది. వంగి మాట్లాడాడు. ఏమన్నాడో ఎవరికీ వినబడలేదు, అతని వీపు మాత్రం కనబడింది. కాసేపటికి కారు తలుపు తెరుచుకుంది. బెర్నీస్ దుప్పటి భుజాల మీదే ఉంచుకుని, ఓటిస్ చెయ్యి పట్టుకుని దిగింది. బురద మంచులో మెల్లగా అడుగులేసుకుంటూ వస్తుంటే గుంపు రెండుగా చీలి దారిచ్చింది. చర్చిలో ముందు వరసలో నిలబడి పాడే మనిషి, పాడటం మానేసి ఏడాదైంది, అయినా ఆమె నడిచొస్తుంటే అందరూ టోపీలు తీశారు.

"మైకు ఇవ్వమ్మా," అంది టెస్‌తో. "నాకిప్పుడు అరిచే ఊపిరి లేదు."

వాండా ఆమె కళ్ళలోకి చూసి గతుక్కుమంది. "బెర్నీస్, వద్దు."

"కారులో కూర్చుని అంతా విన్నాను," అంది బెర్నీస్ మైకులో. మాట మాటకీ ఆగుతోంది. "అప్పు చేసినవాళ్ళదే తప్పని సగం మంది అన్నారు. ఇచ్చినవాళ్ళదే తప్పని సగం మంది అన్నారు. సర్కారుదన్నారు. పొద్దుటి నుంచీ ఇన్ని తిట్లు తిట్టారే, ఆ అప్పు వాండా ఎందుకు చేసిందో ఒక్కరైనా అడిగారా?"

"బెర్నీస్! నాకు మాటిచ్చావు!" వాండా చేతిలో సంచీ మెట్ల మీద పడింది.

"ఇచ్చాను. నువ్వు వీధిన పడేదాకా నిలబెట్టుకున్నాను. ఇక చాలు." బెర్నీస్ గుంపు వైపు తిరిగింది. "ఆసుపత్రికి నన్ను దింపేటప్పుడు దారిలో ఒకసారి కారు ఆపి, ఏడుస్తూ చెప్పింది నాకు. ఆ డబ్బుతో వాండా ఈ ఇంటికి ఒక్క మేకు కూడా కొట్టించలేదు. అందులో ఒక్క డాలరు కూడా తన కోసం వాడుకోలేదు. జైలుకి పోవాల్సిన ఒక మనిషిని పోకుండా ఆపడానికి, అతను వాడేసిన సొమ్ము అతని చేత తిరిగి కట్టించడానికి ఇల్లు తాకట్టు పెట్టింది. అతను మన ఫండ్ సొమ్మే వాడేశాడు. ఏడాదిలో తీరుస్తానని కాళ్ళు పట్టుకుని, ఇంతవరకూ పైసా తీర్చలేదు. ఆ మనిషి ఇప్పుడు ఈ మెట్ల ముందే నిలబడి ఉన్నాడు."

ముసలి ఫైర్‌మన్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అవతలివాడి మొహంలో తప్పు వెతుకుతూ, తన మొహంలో ఎవరైనా వెతుకుతున్నారేమోనని జంకుతూ చూసుకున్నారు. మైలో ఒక్కొక్కరినే చూస్తూ వచ్చాడు. అందరి కళ్ళూ అతని కళ్ళతో కలిశాయి, ఒక్కడివి తప్ప.

కార్ల్ జింక్ నేలకేసి చూస్తున్నాడు.